ఖాళీ బస్తాకూ లెక్క చెప్పిన రోజులు: యుద్ధ సహాయ సంస్థల నిర్వాహకులకు ఒక బహిరంగ లేఖ

పరాయి దేశాల యుద్ధాల్లో తిండి, మందులు పంచే ప్రైవేటు సహాయ సంస్థల ధర్మకర్తలకు, నిర్వాహకులకు

నమస్కారం.

మొన్న మీలో ఒకరి దగ్గర్నుంచి నాకో కవరు వచ్చింది. ఏ సంస్థో చెప్పను. చెబితే ఈ ఉత్తరం ఆ ఒక్కరి మీద ఫిర్యాదుగా తేలిపోతుంది, మిగతావాళ్ళు హాయిగా పక్కకు తప్పుకుంటారు. కవర్లో రెండు కాగితాలున్నాయి. ఒకటి విరాళం ఫారం. పైన ఒక పాప ఫొటో, ఆ పాప చేతిలో ఖాళీ గిన్నె. రెండోది పోస్టుకార్డు. దాని మీద మీరే ముందుగా అచ్చేసిన నాలుగు వాక్యాలు, కింద నా సంతకం కోసం చుక్కల గీత. ఆ యుద్ధంలో ఫలానా పక్షానికి మన ప్రభుత్వం ఆయుధ సాయం పెంచాలని అందులో ఉంది. సంతకం పెట్టి మా ప్రజాప్రతినిధికి పంపితే చాలట. స్టాంపు కూడా మీరే అంటించారు.

ఫారం మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "పాపకి పాలపొడి కోసం డబ్బులడుగుతున్నారు, బాగుంది. ఈ రెండో కార్డు దేనికమ్మా?" అన్నాను. కాసేపు ఆగి, "రెండూ ఒకటే కదండీ, వాళ్ళు గెలిస్తేనే కదా పాపకి తిండి దొరికేది" అంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఎవరో రాసిచ్చిన జవాబే చదివి ఉంటుంది. కానీ ఆ "రెండూ ఒకటే" అన్న మాట మాత్రం ముల్లులా దిగింది. వారం రోజులైనా రావడం లేదు.

నేను పెద్ద దాతను కాను. ఏడాదికి రెండు మూడుసార్లు చిన్న మొత్తాలు పంపే రకం. జీవితమంతా ఇతరుల లెక్కలు రాసి బతికాను. జమ, ఖర్చు, నిల్వ తప్ప వేరే భాష పెద్దగా రాదు. అందుకని మీతో సిద్ధాంతాలు చర్చించను. ఏది ఏ పద్దు కింద రాశారో అడుగుతాను, అంతే.

ముందే ఒక మాట. మీ తరఫున ఆ ఊళ్ళకు వెళ్ళే నర్సులు, డ్రైవర్లు, గోదాం కాపలావాళ్ళు ప్రాణాలకు తెగించి పని చేస్తారు. నా గొడవ వాళ్ళతో లేదు. కవర్లో ఏ కాగితం పెట్టాలో ఆఫీసులో కూర్చుని తేల్చే మీతోనే.

1914లో జర్మన్ సైన్యం బెల్జియాన్ని ఆక్రమించుకుంది. సముద్రం మీద బ్రిటన్ దిగ్బంధం. తిండిలో ఎక్కువ భాగం బయటి నుంచి కొనుక్కునే దేశం, రెండు వైపులా తలుపులు పడిపోయాయి. అప్పుడు లండన్‌లో ఉంటున్న అమెరికన్ గనుల ఇంజనీరు హెర్బర్ట్ హూవర్ కమిషన్ ఫర్ రిలీఫ్ ఇన్ బెల్జియం అన్న సంస్థను నడపడం మొదలుపెట్టాడు. పేరుకి ప్రైవేటు సంస్థ. కానీ దానికి సొంత జెండా ఉండేది, సొంత ఓడలుండేవి, కొట్టుకుంటున్న రెండు పక్షాలతోనూ ఒప్పందాలుండేవి. బెల్జియంలో, ఉత్తర ఫ్రాన్స్‌లో కలిపి దాదాపు 90 లక్షల మందికి తిండి పెట్టింది.

ఆ సంస్థ గురించి చదివినప్పుడు నాకు బాగా నచ్చింది ఓడలు కావు, బస్తాలు. పిండి అమెరికా నుంచి నూలు బస్తాల్లో వచ్చేది. నూలంటే ఆ రోజుల్లో పేలుడు మందుకి ముడిసరుకు. ఖాళీ బస్తాలు జర్మన్ల చేతిలో పడితే రొట్టెల కోసం పంపిన బస్తా తూటా అయి బయటికి వస్తుంది. అందుకని ఖాళీ బస్తాలకూ లెక్క పెట్టారు. ఎన్ని వచ్చాయి, ఎన్ని ఖాళీ అయ్యాయి, ఎవరి దగ్గరున్నాయి అన్నీ రాశారు. వాటిని కుట్టుపని బళ్ళకీ, మహిళా సంఘాలకీ ఇచ్చారు. ఆ ఆడవాళ్ళు పిండి మిల్లు పేరు అలాగే ఉంచి, దాని చుట్టూ రంగు దారాలతో పువ్వులు, జెండాలు, కృతజ్ఞతలు కుట్టి తిరిగి పంపించారు. ఇప్పటికీ అయోవాలోని హూవర్ మ్యూజియంలో వాటిని చూడొచ్చు. కుట్టుపని అందంగానే ఉంటుంది కానీ నా కళ్ళకు అవి రసీదుల్లా కనబడతాయి.

అంత మాత్రాన హూవర్ సంస్థ కడిగిన ముత్యమని అనను. ఆక్రమించుకున్న జనానికి తిండి పెట్టే బాధ్యత జర్మనీది, దాన్ని మీరెందుకు నెత్తిన వేసుకుంటున్నారని చర్చిల్ లాంటివాళ్ళు అప్పుడే అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. హూవర్‌కి కూడా పుణ్యమూ పురుషార్థమూ రెండూ దక్కాయి. ఆ పేరుతోనే ఎదిగి 1928లో అధ్యక్ష ఎన్నిక గెలిచాడు. కానీ 1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగినప్పుడు ఒక పని జరిగింది. బెల్జియంలో పంపిణీ చూసుకుంటున్న అమెరికన్ ప్రతినిధులు లేచి వెళ్ళిపోయారు. తటస్థ దేశాలైన స్పెయిన్, హాలండ్ మనుషులు ఆ కుర్చీల్లో కూర్చున్నారు. మా దేశం ఒక పక్షం వహించింది, ఇక మేం గరిటె పట్టుకోకూడదు అని. మీలో ఎంతమంది ఆఫీసుల్లో ఇలాంటి రూలు రాసి ఉంది?

బయాఫ్రా సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. మీ వృత్తికి అదే పుట్టిల్లు అంటారు కూడా. 1967లో నైజీరియా నుంచి బయాఫ్రా విడిపోతున్నట్టు ప్రకటించుకుంది, ప్రభుత్వ సైన్యం చుట్టుముట్టింది. 1968 నాటికి పొట్టలు ఉబ్బిన పిల్లల ఫొటోలు యూరప్ పత్రికల మొదటి పేజీలకెక్కాయి. ఆ ఆకలి నిజం. అయితే ఫొటోలు వాటంతట అవి నడిచి రాలేదు. జెనీవాలో మార్క్‌ప్రెస్ అనే ప్రచార కంపెనీని బయాఫ్రా ప్రభుత్వం డబ్బిచ్చి పెట్టుకుంది.

చర్చి సంస్థల విమానాలు చీకటి పడ్డాక సావోటోమే దీవి నుంచి లేచేవి. దిగేది ఊలీ అనే చోట. విమానాశ్రయం అనుకునేరు, అది వెడల్పు చేసిన తారురోడ్డు. పైలట్ బాగా దగ్గరికొచ్చాక కొద్దిసేపు దీపాలు వేసి, దిగగానే ఆర్పేసేవారు. పైన నైజీరియా బాంబర్ చక్కర్లు కొడుతుండేది. పాలపొడి, ఉప్పు, నార్వే నుంచి వచ్చిన ఎండుచేప దింపేసి తెల్లారేలోపు తిరిగి ఎగిరిపోవాలి. ఇలా 5,000కు పైగా ట్రిప్పులు. కొందరు పైలట్లు తిరిగి రాలేదు.

ఇదే దృశ్యాన్ని లెక్కల కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూడండి. అదే రోడ్డు మీద, అదే చీకట్లో, ఆయుధాల విమానాలూ దిగేవి. కిందున్న ఏ శబ్దం పాలపొడిదో ఏది తూటాలదో పైనున్న బాంబర్‌కి తెలియదు. సంస్థలు అక్కడి ఖర్చుల కోసం మార్చుకున్న విదేశీ సొమ్ము బయాఫ్రా ఖజానాకి చేరేది. బయట ఎవరూ ఆ ప్రభుత్వపు నోట్లు తీసుకోని రోజుల్లో, తూటాలు కొనడానికి పనికొచ్చే డబ్బు అది. పగటి విమానాలు, రోడ్డు దారి అన్న ప్రతిపాదనలు వచ్చినప్పుడు బయాఫ్రా నాయకుడు ఒజుక్వు ఒప్పుకోలేదు. ఆ దారిలోనే సైన్యం వస్తుందన్నది అతని భయం. ఉత్త భయమేమీ కాదు. కానీ సహాయ విమానాలు పగటికి మారితే రాత్రి ఆయుధాలకు చాటు పోతుంది, ఆ లెక్కా ఉంది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారు. ఊలీలో ఎదురు రాలేదు, వెనకే దిగింది.

అక్కడే కార్ల్ గుస్టాఫ్ ఫాన్ రోజెన్ అని ఒక స్వీడిష్ ప్రభువు ఉన్నాడు. పైలట్. 1935లో ఇథియోపియా మీద ఇటలీ దాడి చేసినప్పుడు రెడ్‌క్రాస్ అంబులెన్స్ విమానం నడిపినవాడు. 1968లో బయాఫ్రాకి సహాయ విమానం తోలాడు. 1969 మే నెలకల్లా చిన్న శిక్షణ విమానాలకు రాకెట్లు బిగించి, మరికొందరిని వెంటేసుకుని నైజీరియా విమానాశ్రయాల మీద దాడి చేశాడు. రెండు వారాలకు, జూన్ 5న, నైజీరియా వైమానిక దళం రెడ్‌క్రాస్ విమానాన్ని కూల్చేసింది. ఆ తర్వాత రెడ్‌క్రాస్ రవాణా ఆగిపోయింది. ఒకదాని వల్లే ఇంకొకటి జరిగిందని తీర్పు చెప్పను. కానీ పాలపొడి తెచ్చిన చేతులే రాకెట్లూ తెస్తాయని చూశాక, ఏ సైన్యానికైనా పాలపొడి విమానం మీద నమ్మకం మిగులుతుందా? ఫాన్ రోజెన్ చెడ్డవాడు కాడు. ఆకలి చూసి తట్టుకోలేకపోయాడు. 1977లో ఇథియోపియాలో మళ్ళీ సహాయ పనిలో ఉండగానే చనిపోయాడు. చెడ్డవాళ్ళ గురించైతే ఈ ఉత్తరం రాయక్కర్లేదు, వాళ్ళకి పోలీసులున్నారు.

ఇక 1980లకు వద్దాం. ముసుగులో గుద్దులాట ఎలా ఉంటుందో చూడాలంటే మధ్య అమెరికాలోని చిన్న దేశం నికరాగువా కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

నికరాగువా ప్రభుత్వం మీద పోరాడుతున్న కాంట్రాలు అనే సాయుధ తిరుగుబాటుదారులకు సైనిక సాయం చేయకూడదని 1984లో అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసింది. ఆ చట్టం ప్రభుత్వానికి. ప్రైవేటు మనుషులు ఊరుకోలేదు. మాజీ సైనికాధికారులు, చర్చి బృందాలు, కమ్యూనిజం వ్యతిరేక సంఘాలు హోండురాస్ సరిహద్దులోని శరణార్థుల పేరు మీద బట్టలు, మందులు, డబ్బు పోగుచేశాయి. వాళ్ళలో నిజంగా శరణార్థుల కోసమే వెళ్ళినవాళ్ళు ఉన్నారు. సైనికుల కోసం వెళ్ళి, దారిలో శరణార్థులతో ఫొటో దిగినవాళ్ళూ ఉన్నారు. మిలిటరీ విమానాల్లో ఖాళీ ఉంటే ప్రైవేటు సహాయ సామగ్రిని ఉచితంగా తీసుకెళ్ళవచ్చని డెంటన్ అనే సెనేటర్ పేరు మీద 1985లో ఒక నిబంధన వచ్చింది. ప్రైవేటు ఎక్కడ ఆగుతుందో ప్రభుత్వం ఎక్కడ మొదలవుతుందో సరిహద్దు గీయడం అక్కడితో కష్టమైపోయింది.

1985 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో నికరాగువా శరణార్థుల నిధి పేరుతో పెద్ద విందు జరిగింది. అధ్యక్షుడు రేగన్ వచ్చి మాట్లాడాడు. కాంట్రాలకు నిధులివ్వాలా వద్దా అని కాంగ్రెస్ తేల్చుకోబోతున్న రోజులవి. తర్వాత లెక్కలు బయటపడ్డాయి. వసూలైన సొమ్ములో దాదాపు అంతా విందు ఖర్చులకూ కన్సల్టెంట్ల ఫీజులకూ పోయింది. శరణార్థులకు మిగిలింది ఆ గదిలో ఒకటి రెండు టేబుళ్ళ బిల్లంత. దీన్ని అందరూ అవినీతి అంటారు. లెక్కలవాడిగా నేను వేరే మాటంటాను. ఆ ఖర్చు వృథా కాలేదు. ఆ రాత్రి కొన్న సరుకు వేరు, దాని పేరు పలుకుబడి. పద్దు మాత్రం శరణార్థుల పేరు మీద రాశారు.

కొద్ది నెలలకే కాంగ్రెస్ కాంట్రాలకు 2.7 కోట్ల డాలర్ల "మానవతా సాయం" మంజూరు చేసింది. తిండి, బట్టలు, మందులు వగైరా ఇవ్వొచ్చు, మనిషిని చంపగలిగేదేదీ ఇవ్వకూడదు. వినడానికి ఎంత బాగుంది! బూటు మనిషిని చంపదు కదా. కానీ తుపాకి చేతిలో ఉన్నవాడికి బూట్లు, యూనిఫాం, అన్నం ఉచితంగా దొరికితే, వాటికి పెట్టాల్సిన డబ్బు దేనికి మిగులుతుందో చిన్న పిల్లాడైనా చెబుతాడు. ఆ సొమ్ములో పెద్ద భాగం చివరికి ఎవరికి చేరిందో ప్రభుత్వ ఆడిటర్లే నిర్ధారించలేకపోయారు. ఆ సాయం చేరవేసే కాంట్రాక్టు పొందినవాళ్ళే మరోవైపు ఆయుధాల రవాణా కూడా నడిపారు. 1986 అక్టోబర్ 5న నికరాగువా సైనికులు ఒక సరుకు విమానాన్ని కూల్చి, పారాచూట్‌తో దిగిన యూజీన్ హసెన్‌ఫుస్‌ని తాళ్ళతో కట్టి నడిపించుకుంటూ తీసుకెళ్ళారు. ఆ ఫొటో లోకమంతా చూసింది. విమానంలో తూటాలు, తుపాకులు, బూట్లు.

ఇంకొక సంస్థ ఉంది. నేషనల్ ఎండోమెంట్ ఫర్ ద ప్రిజర్వేషన్ ఆఫ్ లిబర్టీ. నడిపింది కార్ల్ చానెల్. పన్ను మినహాయింపు ఉన్న సంస్థ, అంటే దానికి చందా ఇస్తే దాత పన్ను కొంత తగ్గుతుంది. బాగా డబ్బున్న, ఎక్కువగా వయసు మళ్ళిన దాతలను పిలిచి, వైట్‌హౌస్ అధికారి ఆలివర్ నార్త్ చేత స్లైడ్లు చూపించి చెప్పించేవారు. విరాళాల్లోంచి ఆయుధాలకూ వెళ్ళింది, కాంగ్రెస్ ఓటింగు ముందు టీవీ ప్రకటనలకూ వెళ్ళింది. పన్ను మినహాయింపు సంస్థను ఆయుధాల చందాకి వాడి ప్రభుత్వాన్ని మోసగించే కుట్ర చేశానని 1987లో చానెల్ కోర్టులో ఒప్పుకున్నాడు. ఇక్కడ నాకు చానెల్ కంటే ఆ రూపాయి ప్రయాణం ముఖ్యం, డాలర్ అనాలేమో. ఒకే కుండలో డబ్బు, ఒక గరిటెతో తూటా, ఇంకో గరిటెతో ఓటు. నాకొచ్చిన కవర్లో రెండు కాగితాలూ అదే పొయ్యి మీద ఉడికినవి.

1986 జూన్ 27న అంతర్జాతీయ న్యాయస్థానం అమెరికా మీద నికరాగువా వేసిన కేసులో తీర్పిచ్చింది. అందులో మానవతా సాయం గురించి ఒక పేరా ఉంది. మీ ప్రతి ఆఫీసులో ఫ్రేమ్ కట్టి పెట్టాల్సిన పేరా. దాని సారం నా మాటల్లో చెబుతాను. పరాయి దేశంలో మనుషులకు నిజమైన మానవతా సాయం చేయడం ఆ దేశ వ్యవహారాల్లో జోక్యం కాదు. అయితే అది రెడ్‌క్రాస్ ఆచరణలో స్థిరపడ్డ ఉద్దేశాలకే, అంటే బాధ తగ్గించడానికీ ప్రాణం, ఆరోగ్యం కాపాడడానికీ పరిమితం కావాలి. కాంట్రాలకూ వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళకూ మాత్రమే కాదు, నికరాగువాలో అవసరమున్న అందరికీ తేడా లేకుండా అందాలి. "మా శిబిరంలో పిల్లలకే" అన్న మాట దగ్గరే సాయం పక్షం వహించేసినట్టు.

మీరు అనబోయేది నాకు తెలుసు. మేం తుపాకులు కొనలేదు, మావి దుప్పట్లే అంటారు. సరే, దుప్పట్ల జాబితా ఎవరు రాశారు?

1980లలో పాకిస్తాన్‌లోని అఫ్ఘాన్ శరణార్థి రేషన్ కావాలంటే అక్కడి ప్రభుత్వం గుర్తించిన ఏడు పార్టీల్లో ఏదో ఒకదాంట్లో పేరు రాయించుకోవాల్సి వచ్చేది. పిండి ఇచ్చినవాళ్ళు పార్టీల గురించి ఆలోచించి ఉండకపోవచ్చు. పిండి తీసుకున్నవాడికి మాత్రం పార్టీ తప్పలేదు. 1994లో రువాండాలో మారణహోమం చేసినవాళ్ళు ఓడిపోయి, లక్షల మందిని వెంటేసుకుని సరిహద్దు దాటి జైర్‌లోని (ఇప్పటి కాంగో) గోమా చేరారు. కలరా వచ్చింది, లోకం కదిలింది, సంస్థలు పదుల సంఖ్యలో దిగాయి. అంతమందికి పంచడం ఎలా? పాత ఊరిపెద్దల ద్వారా. ఆ పెద్దల్లో చాలామంది హత్యలు నడిపించినవాళ్ళే. కార్డులు వాళ్ళ చేతుల్లో, తలల లెక్క వాళ్ళు చెప్పిందే. ఎక్కువ రాయించి మిగిలిన సరుకు అమ్ముకుంటే వాళ్ళ సైన్యానికి డబ్బు, జాబితాలోంచి పేరు కొట్టేస్తే ఎదురు మాట్లాడినవాడికి ఆకలి. యుద్ధ ప్రాంతాల్లో వైద్యం చేసే డాక్టర్ల సంస్థ మెద్‌సాఁ సాఁ ఫ్రాంతియేర్ ఫ్రాన్స్ విభాగం అదే ఏడాది నవంబర్‌లో మేమిందులో ఉండలేం అని బయటికొచ్చేసింది. ఉండిపోయినవాళ్ళని నేను తప్పుపట్టలేను. పిల్లలు చచ్చిపోతుంటే లేచి రావడం అందరి వల్లా అవదు. అదీ అడకత్తెరలో పోకచెక్క లాంటి పరిస్థితే. కానీ ఉండిపోయినవాళ్ళు దాతలకు పంపిన కాగితాల్లో "పంపిణీ స్థానిక నాయకుల సహకారంతో" అన్న ఒక్క ముక్క చాలదు. ఆ సహకారం ధర ఎంత? అది ఏ పద్దు?

ఇన్నీ మీ తప్పులే అనడం లేదు. ప్రభుత్వాలు మిమ్మల్ని లాక్కుంటాయి. 2001 అక్టోబర్‌లో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ సహాయ సంస్థల పెద్దలను కూర్చోబెట్టి, మీరు మా యుద్ధ బృందంలో ముఖ్యమైన భాగం అన్నాడు, మెచ్చుకోలుగానే. అవే రోజుల్లో అఫ్ఘనిస్తాన్ మీద ఆ దేశపు విమానాలు ఆహారం పొట్లాలు జారవిడిచాయి. పసుపు రంగు. క్లస్టర్ బాంబుల్లోంచి రాలి పేలకుండా పడి ఉన్న చిన్న బాంబులదీ పసుపు రంగే. ఏది ముట్టుకోవాలో ఏది ముట్టుకోకూడదో రేడియోలో హెచ్చరికలు చెప్పాల్సి వచ్చింది, తర్వాత పొట్లాల రంగు మార్చారు. 2004లో దక్షిణ అఫ్ఘనిస్తాన్‌లో అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ సైన్యం కరపత్రాలు పంచింది. సాయం ఆగకూడదంటే తాలిబన్ల ఆచూకీ చెప్పండి అని. అదే వేసవిలో ఐదుగురు సిబ్బంది హత్యకు గురయ్యాక మెద్‌సాఁ సాఁ ఫ్రాంతియేర్, 24 ఏళ్ళు పనిచేసిన ఆ దేశాన్ని వదిలి వెళ్ళింది. 2011లో పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో బిన్ లాడెన్ ఆచూకీ కోసం హెపటైటిస్ టీకాల పేరుతో సీఐఏ నాటకమాడించింది. ఆ తర్వాత పోలియో చుక్కలు వేయడానికి ఇల్లిల్లూ తిరిగే ఆడవాళ్ళను కాల్చి చంపారు. ఎవరో వేసిన వేషానికి ప్రాణాలు పోయింది చుక్కలు వేసే మనిషికి.

ఇది చూశాకే ఈ ఉత్తరం ఇంత కటువుగా రాస్తున్నాను. ప్రభుత్వం మిమ్మల్ని లాక్కుంటే ఒక సంగతి. మీ అంతట మీరే ఎదురెళ్ళి, నా చేతికి పెన్నిచ్చి ఆయుధాలడగమంటే, రేపు మీ నర్సుని చెక్‌పోస్టులో ఆపినవాడు ఏమనుకోవాలి? పోస్టుకార్డు మీద మీ చిహ్నమే ఉంది, ఆమె చొక్కా మీదా అదే ఉంది.

అలాగని నోరు మూసుకుని పంచమనడం లేదు. 1985లో ఇథియోపియా ప్రభుత్వం కరువు జనాన్ని బలవంతంగా దక్షిణానికి తరలిస్తూ, దానికి సహాయాన్నే ఎరగా వాడుతోందని మెద్‌సాఁ సాఁ ఫ్రాంతియేర్ ఫ్రాన్స్ విభాగం బయటపెట్టింది, దేశం నుంచి గెంటివేయించుకుంది. అది సరైన మాట. కళ్ళతో చూసింది చెప్పారు, తమ సాయంతోనే జరుగుతున్న తప్పు చెప్పారు, నష్టపోయింది తామే. చూసింది చెప్పడం వేరు, ఎవరు గెలవాలో చెప్పడం వేరు. మధ్యలో సన్నని దారి ఉంది, దాని మీద నడవడం కత్తిమీద సామే, ఒప్పుకుంటాను. ఆయుధాలు పెంచండి అన్న కార్డు మాత్రం ఆ దారి మీద లేదు, ఎప్పుడో పక్కకు దిగిపోయింది.

పక్షం వహించడమే నేరమని కూడా నేను అనను. ఉక్రెయిన్‌లో కమ్ బ్యాక్ ఎలైవ్ అన్న సంస్థ మేం సైన్యం కోసం డబ్బు పోగుచేస్తున్నామని బాహాటంగా చెప్పుకుంటుంది. ఆ కారణంగానే 2022 ఫిబ్రవరిలో ఇంటర్నెట్‌లో చందాలు వసూలు చేసిపెట్టే పేట్రియాన్ కంపెనీ వాళ్ళ ఖాతా మూసేసింది. వాళ్ళు బోర్డు మార్చుకోలేదు, వేరే దారిలో వసూలు చేసుకున్నారు. ఇచ్చేవాడికి దేనికిస్తున్నాడో తెలుసు. నచ్చితే ఇస్తాడు, లేకపోతే లేదు. ఆ లెక్క నాకు అర్థమవుతుంది. పాప ఫొటో పెట్టి తుపాకి అడిగే లెక్క అర్థం కాదు.

2025 మే నెలలో గాజాలో కొత్త రకం మొదలైంది. గాజా హ్యుమానిటేరియన్ ఫౌండేషన్, అమెరికా, ఇజ్రాయెల్ ప్రభుత్వాల అండతో వచ్చిన ప్రైవేటు సంస్థ. అంతకుముందు దాదాపు 400 చోట్ల జరిగిన పంపిణీ స్థానంలో దానివి నాలుగు కేంద్రాలు, చుట్టూ ప్రైవేటు సాయుధ కాపలా, ఆ దారుల మీద సైన్యం. మానవతా సూత్రాలకు కట్టుబడి ఈ పని చేయలేనని దాని డైరెక్టరే మొదలుకాకముందే రాజీనామా చేశాడు. ఐక్యరాజ్యసమితి సంస్థలు కలవలేదు. తిండి కోసం వెళ్తూ ఆ కేంద్రాల దగ్గర వందల మంది చనిపోయారని ఐరాస మానవహక్కుల కార్యాలయం లెక్కించింది. నవంబర్‌లో ఆ సంస్థ పని ముగించినట్టు ప్రకటించింది. పేరులో హ్యుమానిటేరియన్ అని ఉంది. అది వేరే, మేం వేరే అని మీరంతా అప్పుడు ప్రకటనలిచ్చారు, మంచిదే. ఎంత వేరో చూపించే కాగితం మాత్రం నాకు ఎవరూ పంపలేదు.

కొత్తగా సూత్రాలు రాసుకోమని అడగను. 1994లోనే రెడ్‌క్రాస్‌తో కలిసి పెద్ద సంస్థలు పది సూత్రాల నియమావళి రాసుకున్నాయి. సాయాన్ని రాజకీయ, మత అభిప్రాయాల కోసం వాడబోమని మూడోది, ప్రభుత్వాల విదేశాంగ విధానానికి పనిముట్లం కాకుండా ఉండడానికి ప్రయత్నిస్తామని నాలుగోది. సంతకాలు పెట్టినవాళ్ళలో మీరూ ఉండి ఉంటారు. నాక్కావలసింది ఆ సంతకం కింద అంకెలు. చెక్‌పోస్టుల్లో ఎంత కట్టారు? కాపలాకి ఎవరి మనుషులను పెట్టుకున్నారు, జీతం ఎవరి చేతికిచ్చారు? సోమాలియాలో 1990ల మొదట్లో తుపాకి మనుషుల జీతాలను "టెక్నికల్" ఖర్చు కింద రాశారని, తుపాకి బిగించిన జీపులకు ఆ పేరు అలాగే వచ్చిందని చెబుతారు. అలాంటి ముద్దుపేర్లు వద్దు. డబ్బు మార్చుకున్నప్పుడు ఎవరు పెట్టిన రేటుకి మార్చారు, తేడా ఎవరి జేబులోకి పోయింది? ఇవి రాస్తే మీ మనుషులకు ప్రమాదమంటారా, ఊరి పేరు, తేదీ రాయకండి. దేశం మొత్తానికి కలిపి ఏడాది తర్వాత ఒక అంకె చెప్పండి చాలు. జాబితా ఎవరు తయారుచేశారు, దాన్ని ఎవరు తిరిగి చూశారు అన్నది ఒక పేరాలో రాయండి.

మంత్రులకు, చట్టసభ సభ్యులకు ఏం రాశారో ఆ ఉత్తరాలు నాకూ చూపించండి. పాప పేరు మీద రాసినవే కదా, పాప పేరు మీద ఇచ్చినవాడు చదివితే తప్పేముంది? మీ ధర్మకర్తల్లో నిన్నటిదాకా ఆ యుద్ధం సంగతులు చూసిన అధికారులెవరైనా ఉంటే ఆ మాటా రాయండి. ప్రచారం చేయాలని ఉంటే చేయండి, వేరే కవరు, వేరే ఖాతా, వేరే పేరు. ఖాతాలు కలిసిపోయాయని తెలిస్తే మామూలు కంపెనీలోనే ఆడిటర్ సంతకం పెట్టడు. ఎక్కడో ఆకలితో ఉన్నవాళ్ళ డబ్బుకి అంతకంటే తక్కువ జాగ్రత్త సరిపోతుందా?

ఇదంతా రాస్తే దాతలు భయపడి పారిపోతారని మీ భయం. కొందరు పోతారు, నిజమే. కానీ చెక్‌పోస్టులో ఇంత కట్టాం, కట్టకపోతే లారీ ఆగిపోయేది అని రాసిన సంస్థని నేను వదిలిపెట్టను. ఇంకో నలుగురికి చెబుతాను. లెక్కల్లో నష్టం చూపించిన వ్యాపారిని నమ్మినంతగా, ఏటా లాభమే చూపించినవాణ్ణి నా సర్వీసులో ఎప్పుడూ నమ్మలేదు.

మీ పోస్టుకార్డుని సంతకం పెట్టకుండా ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. స్టాంపు చెక్కుచెదరలేదు, తీసి వాడుకోవచ్చు. విరాళం ఫారం నా దగ్గరే ఉంచుకున్నాను. చెక్కు మీద మీ పేరు రాశాను, అంకె వేశాను, సంతకం పెట్టాను. తేదీ వేయలేదు. మీ వార్షిక లెక్కలు వచ్చాక వేస్తాను.

ఇట్లు,
మీ చిన్న దాతల్లో ఒకరు